దర్జీ గుమ్మంలో అరగంట

మానసిక రోగుల ఇళ్లకే వెళ్లి నెలనెలా ఇంజెక్షన్లు ఇచ్చే ఆ నర్సును ఆ వీధుల్లో అందరూ సూదమ్మ అంటారు. ఆవిడ కనిపిస్తే పిల్లలు పరుగు లంకించుకుంటారు, పెద్దవాళ్లు కుర్చీ వేస్తారు. ఇరవై ఏళ్లు ఆసుపత్రి వార్డులో చేసి, ఆ ఇనుప తలుపుల చప్పుడు భరించలేక కోరి ఈ తిరుగుడు ఉద్యోగానికి వచ్చింది.

ఆ మంగళవారం ఉదయం దర్జీ తలుపు తీయలేదు. ఎవరో మాట్లాడుతున్నట్టు చెవుల్లో గొంతులు వినపడే జబ్బు అతనికి పద్దెనిమిదేళ్లుగా ఉంది. ఇంజెక్షన్ గడువు దాటి అప్పటికే తొమ్మిది రోజులు. లోపల కుట్టుమిషను ఆగకుండా తిరుగుతోంది. కిటికీ పరదాలు రెండింటినీ నడిమధ్య కలిపి కుట్టేశాడు.

అది చూసేసరికి జబ్బు తిరగబెట్టిందని సూదమ్మకు అర్థమైంది.

వాకిట్లో నిలబడ్డ దర్జీ అక్క చేతులు నలుపుకుంటూ, "నాలుగు రోజులుగా కంటిమీద కునుకు లేదమ్మా వాడికి. నన్నూ రానివ్వట్లేదు. కత్తెర చేతిలోంచి వదలట్లేదు," అంది.

సూదమ్మ డాక్టరుకు ఫోన్ చేస్తే, పోలీసులతో ఆసుపత్రి బండి పంపిస్తానన్నాడు. క్రితంసారి అలాగే చేతులు విరిచిపట్టి ఎక్కించారు. ఆ తర్వాత ఆరు నెలలు దర్జీ ఎవరితోనూ నోరు విప్పలేదు.

"అరగంట ఆగండి సార్, బయటే ఉంటాను," అని బతిమాలింది. ఫోన్ పెట్టేసిందో లేదో, ఈ అరగంటలోనే ఏదైనా జరిగితేనో అని భయం పట్టుకుంది.

మెట్టు మీద కూర్చుని, "తమ్ముడూ, నేనే," అంది.

మిషను ఆగింది. "మీ సంచిలో ఎవరున్నారు సిస్టర్?"

"నువ్వే చూసుకో." ఒక్కొక్కటే తీసి కిటికీ ముందు పెట్టింది. బీపీ మిషను, దూది, అన్నం డబ్బా, రెండు కళ్లజోళ్లు. పరదా కుట్టు సందులో ఒక కన్ను కదిలింది.

"రెండెందుకు?"

"ఒకటి పోతే, వెతుక్కోవడానికి రెండోది."

లోపల నవ్వులాంటి చప్పుడు. ఆవిడ ధైర్యం కూడగట్టుకుంది. "ఆ కత్తెర ఇటు పడెయ్యి నాయనా. అక్క భయపడుతోంది. నాకూ భయంగానే ఉంది."

ఇరవై రెండో నిమిషంలో పరదా కింది సందులోంచి వచ్చిన కత్తెర మెట్ల మీద ఖంగుమంది. గడియ కదిలింది.

మాసిన గడ్డం, లోతుకు పోయిన కళ్లు. రెండు చేతులూ చాపి చూపించాడు. "మీ మందుకే ఇలా వణుకుతున్నాయి. సూదిలో దారం ఎక్కించలేనివాడు దర్జీ ఎలా అవుతాడు? మీకు చెప్పాను కదా."

చెప్పాడు, రెండు నెలల కిందట. 'వణుకు: స్వల్పం' అని కార్డులో గీకేసి, హడావుడిగా తర్వాతి ఇంటికి వెళ్లిపోయింది. ఇప్పుడు తలెత్తి అతని ముఖంలోకి చూడలేకపోయింది.

"తప్పు నాదే తమ్ముడూ. డాక్టరుతో మాట్లాడతాను. నువ్వూ పక్కనే ఉండి విను."

పోలీసులు రాలేదు, బండి ఒక్కటే వచ్చింది. అక్క చెయ్యి పట్టుకుని తన కాళ్లతో తానే బండెక్కాడు. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉండి, డాక్టరు మందు మోతాదు తగ్గించాక ఇంటికొచ్చాడు. వణుకు తగ్గింది, పూర్తిగా పోలేదు. పొడుగు కుట్లు అతను వేస్తాడు, గుండీలూ కాజాలూ అక్క చూసుకుంటుంది.

మరుసటి నెల ఇంజెక్షన్ చేయించుకుంటూ అడిగాడు. "మోతాదు తగ్గించారుగా. గొంతులు మళ్లీ వస్తే?"

రావని చెప్పడానికి ఆవిడకు నోరు రాలేదు. "రావచ్చు. వచ్చిన రోజే ఫోన్ చెయ్యి," అని, గోడ మీద తన నంబరు పెద్ద పెద్ద అంకెల్లో రాసింది.

వీధిలోకి వచ్చాక ఏదైనా అంకె తప్పు రాశానేమోనని అనుమానం వచ్చి, మళ్లీ లోపలికి వెళ్లి చూసుకుంది.