మంచుకొండల్లో నీళ్ళ డ్యూటీ

ఇప్పుడంటే ఎవరైనా "పద, చలికాలం కదా, టెంట్ వేసుకుని పడుకుందాం" అంటే నడుంనొప్పి సాకు చెప్పి తప్పించుకుంటాను గాని, ఖతర్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనలా ఉండేవాణ్ణి కాదు. ముందు బ్యాగు సర్దుకుని, ఎక్కడికని తర్వాత అడిగేవాణ్ణి. అందులోనూ రమ్మన్నది సేఫ్టీ అన్న అయితే ఇక అడిగేదేముంది! రాస్ లఫాన్‌లో మా కంపెనీకి ఆయన సేఫ్టీ ఆఫీసరు, నేను స్టోర్ కీపరు. ఇద్దరిదీ జగిత్యాల వైపే. అన్నిటికంటే ముఖ్యం, ఆయన చెల్లెలితో నాకు సంబంధం మాట్లాడుతున్నారు. ఆ అమ్మాయిని వీడియో కాల్‌లో రెండుసార్లు చూశాను. మొదటిసారి నవ్వినప్పుడే నా పని అయిపోయింది. మావాళ్ళు సరేనన్నారు, ఆ అమ్మాయీ సరేనంది. కానీ వాళ్ళ నాయన మాత్రం "దుబాయ్‌ల మా పెద్దోడున్నడు గద, దగ్గరుండి చూస్తడు. వాడు ఊఁ అంటేనే ఊఁ" అని తేల్చేశాడు. (మేమున్నది దుబాయ్ కాదు, ఖతర్ అని ఆయనకు ఇప్పటికీ నచ్చజెప్పలేకపోయాను.)

సేఫ్టీ అన్న అంత తేలిగ్గా ఊఁ అనే రకం కాదు. మా స్టోర్లో నిచ్చెన ఎక్కాలన్నా, కత్తితో అట్టపెట్టె కొయ్యాలన్నా ఆయన సంతకం చేసిన పర్మిట్ ఉండాల్సిందే. అట్టపెట్టెనే వదలని మనిషి పెళ్ళికొడుకుని వదులుతాడా? "మనిషి గుణం ఏసీ రూంల తెల్వది తమ్మీ, కష్టంల తెలుస్తది. జార్జియా పోదాం. మంచుల నడుద్దాం, మంచులనే పండుకుందాం" అన్నాడు. గల్ఫ్‌లో మా బోటివాళ్ళకు మంచు కావాలంటే జార్జియాయే. నాలుగు రోజులు వెళ్ళొచ్చి, ఆ ఫోటోలే ఏడాది పొడుగునా స్టేటస్‌లో పెడతాం. నాకు తోడుగా రూమ్మేట్ గోదారి కూడా బయలుదేరాడు. రాజమండ్రి మనిషి, ఏసీ మెకానిక్కు. "చలి గురించి నాకు చెబుతారేంటండీ, నేను అమ్ముకు బతికేదే అది" అన్నాడు.

వెళ్ళే ముందు ప్రాక్టీసు ఉండాలన్నాడు అన్న. మంచులో కాలు దిగబడకుండా బూట్లకు కట్టుకునే వెడల్పాటి స్నోషూలు ఆన్‌లైన్‌లో తెప్పించి, ఒక శుక్రవారం సీలైన్ దగ్గర ఇసుక దిబ్బల మీద మా చేత కవాతు చేయించాడు. ముగ్గురం ఉన్ని టోపీలు పెట్టుకుని, చెమటలు కక్కుతూ, బాతుల్లా నడుస్తున్నాం. అటుగా పోతున్న ఒక ఖతరీ పెద్దాయన ల్యాండ్ క్రూజర్ ఆపి, మమ్మల్ని కిందనుంచి పైదాకా చూశాడు. పాపం, ఎండదెబ్బ తగిలిందనుకున్నాడేమో, మూడు నీళ్ళ సీసాలు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

తీరా జార్జియా కొండల్లో దిగాక అన్న చేసిన మొదటి పని మమ్మల్ని వరసలో నిలబెట్టి సేఫ్టీ మీటింగ్ పెట్టడం. కర్రకు ఎర్రగుడ్డ కట్టి మంచులో పాతి, "ఏదన్న అయితే అందరు ఈడికే రావాలె. ఇగ రెండోది, ఇరవై నిమిషాలకోసారి నీళ్ళు తాగాలె" అన్నాడు. అది రాస్ లఫాన్‌లో ఎండాకాలం రూలు, వడదెబ్బ తగలకుండా పెట్టింది.

"ఇక్కడ ఎండేదండీ బాబూ?" అన్నాడు గోదారి.

"రూల్ అంటే రూలే. యల్లా, తాగుండ్రి!"

గోదారి మూత తిప్పి తాగినట్టు నటించాడు. నేను మాత్రం అన్న కంట్లో పడేలా గటగటా తాగాను. ఆయన చూడలేదేమోనని అనుమానం వచ్చి ఇంకోసారి తాగాను. ఇక చూడండి నా అవస్థ! చేతికి గ్లోవ్స్, ఒంటికి రెండు ప్యాంట్లు, లోపల ఉన్నిది ఇంకొకటి, కాళ్ళకు స్నోషూలు. ఒక్కో చెట్టు చాటుకు వెళ్ళి రావడమే ఒక ప్రయాణం. ఆ స్నోషూలతో వెనక్కి నడవకూడదని కూడా ఒక చెట్టు చాటునే తెలిసింది, వెల్లకిలా పడ్డాక. సాయంత్రం టెంట్లు వేసేసరికి, పాడైపోకుండా ఉండాలని మేమే మంచులో పాతిపెట్టిన పెరుగన్నం రాయైపోయింది. (గల్ఫ్ అలవాటు మరి, తిండి కనబడితే చల్లటి చోటు వెతుకుతాం.) గోదారి దాన్ని టకటకా కొట్టి చూసి, "సుత్తి తెచ్చారాండీ?" అన్నాడు. అన్న నవ్వలేదు. ఆయన నవ్వలేదు కాబట్టి నేనూ నవ్వలేదు.

తెల్లవారుతుండగా పక్క టెంట్లోంచి కేక. పరిగెత్తి చూస్తే అన్న గెంతుతున్నాడు. మెడ నుంచి మడమ దాకా ఒకటే ముక్కగా ఉండే కొత్త స్నో సూటు ఆయనది. దాని జిప్పు గుడ్డలో ఇరుక్కుని గొంతు దగ్గరే బిగుసుకుపోయింది. రూలు పెట్టిన మనిషి కదా, నీళ్ళు అందరికంటే నిష్ఠగా తాగాడు. నేను లాగాను, గోదారి లాగాడు, ఊహూఁ!

"కత్తి తియ్యి తమ్మీ, జల్ది!"

తీశాను. తీసి, చేయి గాల్లో ఉండగా ఆగిపోయాను. ఒట్టు, వేళాకోళానికి కాదు. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఒంటపట్టిన భయం అది. "పర్మిట్ అన్నా?" అన్నాను.

గోదారి టెంటు బయటికి పోయి మంచులో పడి దొర్లాడు.

"నీ పర్మిట్‌ల మన్నువడ! కొయ్యి బామ్మర్దీ! నీ కాల్మొక్త, కొయ్యి!"

బామ్మర్దీ అన్నాడు! అప్పటిదాకా తమ్మీ అనడమే గాని ఆ మాట ఆయన నోట రాలేదు. సర్రున కోసేశాను. అన్న స్నోషూలు కట్టుకోకుండానే దూకి, నడుందాకా దిగబడిపోయాడు. సరిగ్గా ఆ ఎర్రగుడ్డ పక్కనే.

తిరుగు ప్రయాణంలో ఎవరూ ఆ ఊసెత్తలేదు. సూటుకు అట్టపెట్టెల టేపు చుట్టుకుని గంభీరంగా నడిచాడు అన్న. దోహాలో విమానం దిగగానే ఇంటికి ఫోన్ చేశాడు. "నాయినా, పిలగాడు మంచోడే. చేతిల కత్తున్నా అడగంది కొయ్యడు. ముహూర్తం చూడుండ్రి" అన్నాడు. నేను బ్యాగుల దగ్గర మొహం దాచుకుని ఏడ్చాను, సిగ్గు లేకుండా.

మొన్న దోహా పక్కనే అల్ వక్రాలో మా ఇంట్లో ఆ ఫోటోలు తీసి చూస్తుంటే మా ఆవిడ అంది, "గంత మంచి కొండలుంటే, ఒక్క ఫోటోల గూడ నువ్వు అటు చూడకపోతివి. మా అన్న మొఖమే చూస్తున్నవేంది?" నిజమే. ఆ కొండలు ఎలా ఉంటాయో ఫోటోల్లో చూస్తేగాని నాకూ తెలియదు. ముక్కు ఎర్రబడి, పొట్ట ఉబ్బి, ఒక్క ఊఁ కోసం అంత ఆశగా చూస్తున్న ఆ కుర్రాణ్ణి చూస్తే నవ్వొచ్చింది. ముద్దూ వచ్చింది. "మీ చెల్లెల్ని నాకియ్యన్నా" అని నోరు తెరిచి అడగలేక, అలా నిలబడి చూసినట్టున్నాడు పాపం.