దిబ్బలో దిగిన ట్రాక్టరు

మా మేనమామను ఊళ్లో అందరూ ట్రాక్టరు మామ అంటారు. మంచం మీద పడుకున్నా ఆయన చేతులు స్టీరింగు తిప్పుతూనే ఉంటాయి. ఓసారి నిద్రలో రివర్సు కొట్టి గోడకు గుద్దుకున్నాడని చెబితే ఎవరూ నమ్మరు. ఏడో తరగతిలోనే బడికి నమస్కారం పెట్టినవాణ్ణి, నా మాటకు ఆపాటి విలువే మరి. కానీ ఇప్పుడు చెప్పబోయేదానికి సాక్షులున్నారు.

మా వీధికీ సముద్రానికీ మధ్య ఓ పొడవాటి ఇసుక దీవి ఉంది. దీవికి ఇవతల ఉప్పునీటి మడుగు, మడుగు ఒడ్డున మా ఇళ్లు. అల ఎంత పొగరుగా వచ్చినా ముందు ఆ దీవి వీపు మీదే పడాలి. దెబ్బలన్నీ దానికి, నిద్రంతా మాకు. దీవి పొడుగునా రెండు నిలువుల ఎత్తున ఇసుక దిబ్బ, దాన్ని పట్టి ఉంచే పాకుడు తీగ.

సముద్రం వైపు దిగిన చేపల బుట్టల్ని ట్రాక్టరుకెత్తి, మోకాటి లోతు మడుగు దాటించి, ఐసు షెడ్డుకు చేర్చడం మామయ్య పని. ఆ బండే ఆయన కూడూ గుడ్డా. దిబ్బ చుట్టూ తిరిగి రావాలంటే గంట. ఆలోపు చేపలు రెండోసారి చచ్చేవి. అందుకని పన్నెండేళ్ల కిందట మామయ్య దిబ్బను అడ్డంగా కోసి, బండి పట్టేంత దారి తీశాడు. గంట ప్రయాణం పది నిమిషాలైంది. ఊరంతా మెచ్చుకుంది. వలలు బాగుచేసే మా అత్తయ్య ఒక్కతే పెదవి విరిచింది.

"తలుపు పెట్టావు సరే, గడియేదయ్యా?"

"సముద్రమేమైనా పక్కింటి పిల్లి అనుకున్నావా, తలుపు తియ్యగానే దూరడానికి?"

కిందటి వానల్లో ఆ పిల్లి రానే వచ్చింది.

తుఫాను కబురుతో పడవలన్నీ ఒడ్డెక్కాయి. పన్నెండింటికి అన్నం ముందు కూర్చున్నాం. మా గుమ్మానికి ఆరు మెట్లు, చివరిది నీళ్లలో ఉంటుంది. దాని దగ్గర టప్‌మని చప్పుడైంది. మళ్లీ టప్. మడుగులో అల! పుట్టి బుద్ధెరిగాక నేను చూడలేదు. మామయ్య ముద్ద కంచంలో వదిలేసి బయటికొచ్చాడు. ఆయన తీసిన దారిలోంచే నురగ ఇటు దొర్లుతోంది.

"మూడింటికి నిండు పోటు. ఈలోగా ఆ దారి పూడకపోతే వీధి మిగలదు" అన్నాడు.

"అందరం ఎత్తుకి పోదాం మామయ్యా."

"ఐసు షెడ్డు వాళ్లకి ఫోన్ చేసి జనాన్ని ఎత్తుకి పంపించెయ్యమను. నేను తవ్విన గొయ్యి, నేనే పూడ్చాలి."

అత్తయ్య అప్పటికే పాత వలలూ గోనె సంచులూ పారలూ ట్రాలీలోకి విసిరి, తనూ ఎక్కి కూర్చుంది.

"నువ్వెక్కడికే?"

"ముడెయ్యడం నీకొచ్చా? నీ బూటు లేసు కూడా నేనే కట్టాలి. పోనివ్వు!"

ఫోన్ చేసేసి నేనూ ట్రాలీ ఎక్కాను. మడుగు మధ్యలో నీళ్లు ఇంజను అంచును నాకాయి. బండి రెండుసార్లు దగ్గింది. మామయ్య దాని రేకు తట్టి "అమ్మా, నా తల్లీ" అన్నాడు. అత్తయ్యను ఆ గొంతుతో పిలవగా నేనెప్పుడూ వినలేదు.

దారి దగ్గరికి చేరేసరికి నా నోట్లోని అబద్ధాలన్నీ ఎండిపోయాయి. ఒక్కో అలకూ దిబ్బ గోడ రొట్టె ముక్కలా తెగి పడుతోంది. బండి పట్టే దారి అప్పటికే బండిన్నర వెడల్పైంది. సంచులు నింపి వేశాం. వేసినవి వేసినట్టే మడుగులోకి కొట్టుకుపోయాయి. అత్తయ్య పది సంచుల్ని ఒకే వలలో చుట్టి బిగించింది. అదీ దొర్లిపోయింది.

"ఆనుకోడానికి ఏదైనా ఉండాలయ్యా! ఇసుకలో ఇసుక నిలవదు!" అని అరిచింది.

రెండుంపావు. మామయ్య బండిని చూశాడు, దారిని చూశాడు, మళ్లీ బండిని చూశాడు. సీటెక్కి, వెనక్కి తోలి, ట్రాక్టరునూ ట్రాలీనీ దారికి అడ్డంగా నిలబెట్టాడు. ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని దిగాడు.

"ఇప్పుడు తాళమెందుకు?" అన్నాను.

"దొంగలుంటారురా" అన్నాడు.

వల మూటల్ని అత్తయ్య చక్రాలకు కట్టింది. అల వచ్చి వాటిని బండికేసి అదిమింది. ఈసారి నిలిచాయి. మేం తవ్వుతూ, నింపుతూ, కడుతూనే ఉన్నాం. నీళ్లు టైరు ముంచాయి. సీటెక్కాయి. స్టీరింగు కిందిదాకా వచ్చాయి. ఇంకో జానెడు పెరిగితే మూటలు దాటేస్తాయి. అత్తయ్య స్టీరింగు కడ్డీ మీదనుంచి కన్ను తిప్పలేదు. ఒక అల తాకింది. తర్వాతిదీ అక్కడికే వచ్చింది. ఆ తర్వాతిది వేలెడు తక్కువైంది.

"దిగుతోంది" అంది.

మామయ్య ఇసుకలో కూలబడ్డాడు.

పోటు తీశాక మడుగు దాటి ఇంటికొచ్చి చూస్తే నీళ్ల మరక మూడో మెట్టు దగ్గర ఆగి ఉంది. బండి మాత్రం బయటికి రాలేదు. గాలి తెచ్చిన ఇసుక రెండు నెలల్లో దాన్ని మింగేసింది. మామయ్యే పాకుడు తీగ ముక్కలు తెచ్చి పైన నాటాడు. ఇప్పుడాయన బుట్టల్ని తోపుడు బండి మీద వేసుకుని, పెద్ద పోటు లేని రోజుల్లో దిబ్బ చుట్టూ రెండు గంటలసేపు తోసుకొస్తాడు.

మొన్న ఓ చేపల వ్యాపారి వచ్చి, "ఆ పాత దారి మళ్లీ తవ్విస్తే అందరికీ సుఖం కదా" అన్నాడు.

మామయ్య జేబులోంచి తాళం తీసి అతని అరచేతిలో పెట్టాడు.

"తప్పకుండా బాబూ. అడ్డంగా నా బండుంది, ముందు స్టార్ట్ చేసి పక్కకి పెట్టు."