సున్నం గీతల డ్రాగన్

నిన్న మనవడు టీవీలో తెరచాప పడవల పందెం పెట్టాడు. డ్రాగన్ అనే రకం. అదే సన్నటి ఒళ్ళు, అదే పొడవాటి ముక్కు. లోకంలో నా పళ్ళతో సహా అన్నీ మారాయి, ఆ పడవ తప్ప. చూస్తుంటే ఒళ్ళు మండింది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో, రాయపూర్ రైల్వే క్వార్టర్ల పెరట్లో, ఎండాకాలమంతా నేను దాన్ని నడిపాను. నీళ్ళు లేకుండా.

మా బాబాయి రైల్వేలో చేరకముందు ఓడ కళాసీ. స్కాట్లండు రేవులో ఒక దొర, పడవ నడిపే ముగ్గురిలో ఒకడు రాకపోతే, ఈయన్ని డ్రాగన్ ఎక్కించుకున్నాడట. ఆ ఒక్క సాయంత్రం ఆయన్ని జన్మకు సరిపడా పాడుచేసింది. అది నార్వేలో పుట్టిందనీ, డబ్బులేని కుర్రాళ్ళు అందులోనే పడుకుంటూ తిరగడానికి చేశారనీ, తర్వాత పందెంగాళ్ళు ఎగరేసుకుపోయారనీ, అడుగున ఇనుప బరువుంటుంది గనక వాలుతుందే గాని బోర్లాపడదనీ అన్నం తింటూ చెప్పేవాడు. బొంబాయిలో ఉన్న పాత ఓడ స్నేహితుడు, వానలకు ముందు పందెముంది, తన సేఠు డ్రాగన్‌కి ఇంకో ఇద్దరు కావాలని కబురంపాడు. అంతే, బాబాయి పెరట్లో సున్నంతో పడవ గీసి, వెదురుకి దుప్పటి కట్టి, నన్ను ఎక్కించాడు. సాధనకి మూడో మనిషి మా పిన్ని.

"గాలి తిరిగింది! ఇటు జరుగు, జల్దీ!" అని బాబాయి అరుపు.

"నీళ్ళు నేని పడవకి జల్దీ ఏటి? పప్పు మాడిపోతంది!" అని పిన్ని.

పక్కింటాయన గోడ మీంచి రోజూ, "పానీ కహాఁ హే గా?" అని నీళ్ళ ఆచూకీ అడిగేవాడు.

ఇక సెలవు. నేనూ బాబాయీ పనిచేసే రైల్వే షెడ్డులో సెలవు కావాలంటే అర్జీలో అమ్మమ్మని చంపడం ఆచారం. నేనూ చంపాను, ఆవిడ ఇంట్లో నిక్షేపంలా అప్పడాలు ఒత్తుకుంటోంది. నాకు వెంటనే ఇచ్చారు. బాబాయి మాత్రం సెలవులిచ్చే పెద్దబాబు ముందు నిలబడి, "పడవ పందెం సార్" అన్నాడు. ఆయన కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, అర్జీ వెనక్కి తోశాడు.

"ఒక్క చావు చెప్తే నీ సొమ్మేం పోయింది బాబాయ్?" అన్నాను.

"అందరికీ ఒకే కొలత పడవరా అది. సేఠుదైనా అంగుళం ఎక్కువుండదు. గెలిస్తే చేత్తో గెలవాల. అబద్ధమాడి ఎక్కితే ఇంకేటి పందెం?"

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. బొంబాయి బండి మేమిద్దరం లేకుండానే వెళ్ళిపోయింది.

తర్వాత తొలివాన పడింది. మా డ్రాగన్‌కి తగిలిన నీళ్ళు అవే. ముక్కు నుంచి మొదలుపెట్టి మొత్తం కడిగేశాయి. బాబాయి గడపలో నిలబడి, "బోర్లా పళ్ళేదు, సూసేవా" అన్నాడు.

టీవీలో పడవ మలుపు తిరిగితే నా చెయ్యి, అక్కడ లేని తాడుని లాగింది. ఏళ్ళన్నీ గడిచిపోయాయంటారు గాని, బాబాయి సెలవు ఇంకా మంజూరు కాలేదు.