జెలీ రుస్తాన్ చూసిన అడుగులు

ఫ్రాన్సులోని ఆర్దెష్ కొండల్లో జెలీ రుస్తాన్‌కు నలభై మేకలూ, నలుగురికి సరిపడా నోరూ ఉండేవి. పదకొండేళ్లలో ఆరుసార్లు తోడేలు ఆమె మంద మీద పడింది. ఆరుసార్లూ ప్రభుత్వ ఉద్యోగి బ్రెసోల్ వచ్చి, బురదలో అడుగు పక్కన స్కేలు పెట్టి, "కుక్క" అని రాసుకుపోయాడు. చంపింది తోడేలైతేనే సర్కారు పరిహారమిస్తుంది.

"మధ్యవేళ్లు రెండూ ఎంత ముందుకున్నాయో చూడు నాయనా," అనేది జెలీ.

"కుక్కలకీ అలా ఉంటాయమ్మా."

"ఉంటే ఆ కుక్కెవరిదో కూడా రాసి పో."

అంతలో ఆమె మేకలు మేసే గుట్ట కిందే ఒక గుహ బయటపడింది. దాని నేల బంకమట్టిలో ఇరవై ఆరు వేల ఏళ్లనాటి అడుగుల వరుస ఒకటుంది. మధ్యవేళ్లు పొట్టి, కాబట్టి కుక్కేనని సగంమంది పండితులు. తడిమట్టిలో వేళ్లు అలాగే దిగబడతాయి, తోడేలేనని మిగతా సగం. రెండు పక్షాలూ పలకరించుకోవడం కూడా మానేశాయి. విసిగిపోయిన తవ్వకాల పెద్ద ఓడ్ మెర్కాదియే, అడుగుల మీద పదకొండేళ్లుగా పోట్లాడుతున్న మనిషి పైనే ఉందని విని జెలీకి కబురంపింది.

కళ్లముందు బురదలో చెబితే నమ్మని లోకం, మంచుయుగం సంగతి తనను అడగడం జెలీకి విడ్డూరంగా తోచింది. అయినా వెళ్లింది. నేల చెడకుండా చెప్పులకు ప్లాస్టిక్ సంచులు తొడిగి ఇనుప బల్లల మీద నడిపించారు. ఆమె అడుగుల్ని చూడలేదు, వరుసను చూసింది.

"తోడేలు దారం పట్టినట్టు నడుస్తుందమ్మా. వెనకకాలు ముందుకాలి గుంటలోనే పడుతుంది. ఇది గోడ వాసన చూసింది, ఆగింది, వెనక్కి తిరిగింది. పనిలేని కుక్క నడక."

"అయితే కుక్కేనంటారా జెలీగారూ?"

"అననమ్మా. చీకట్లో దారి తప్పితే కుర్ర తోడేలూ అలాగే తిరుగుతుంది. నాకు తెలీదు."

ఓడ్ ఆ చివరి మాటను కూడా శ్రద్ధగా రాసుకుంది. వెంట వచ్చిన పత్రికవాడు మాత్రం రాసుకోలేదు. 'అది కుక్కే: తేల్చిచెప్పిన మేకలామె' అని అచ్చయింది.

నెల తిరక్కుండానే మరో రెండు మేకలు చచ్చాయి. బ్రెసోల్ ఈసారి స్కేలుతోపాటు పత్రిక ముక్కనూ తెచ్చాడు.

"అంత పాతదాన్నే కుక్కని తేల్చారు. మీకు తెలియనిదేముందమ్మా? ఇదీ కుక్కే."

జెలీ ఆ ముక్కను గుంజుకుంది. నేరుగా గుహకు దిగి ఓడ్‌ను చెయ్యిపట్టి లాక్కొచ్చింది. ఓడ్ రెండు రోజులు మేకల పెంటలో మోకాళ్ల మీద పాకి, అడుగులకు అచ్చులు పోసి, ముప్ఫై పేజీల నివేదిక రాసింది. చివరి వాక్యం: 'తోడేలు కాదని చెప్పలేము.'

పై ఆఫీసు ఆ వాక్యాన్నే ఎత్తి రాసి పరిహారానికి సంతకం పెట్టింది. జెలీ దాన్ని నాలుగుసార్లు చదివించుకుంది. తను పదకొండేళ్లు అరిచింది ఒక్క మాట. దాన్ని తిరగేసి బోర్లిస్తేగానీ సర్కారుకు అర్థం కాలేదన్నమాట. అయినా ఓడ్‌కు ఒక బుట్టెడు మేకపాల చీజు పంపింది.

ఆ చలికాలం మందకు కాపలాగా దూడంత తెల్లకుక్కను తెచ్చుకుంది. విని బ్రెసోల్ వెంటనే వచ్చాడు. సంతోషంగా నేలమీద కూర్చుని దాని నాలుగు పాదాలూ కొలుచుకున్నాడు.

"ఎందుకు నాయనా?"

"ఇకమీదట ఈ చుట్టుపక్కల ఏ అడుగు కనిపించినా, ఇదిగో, కుక్క ఉంది కదమ్మా."