ఒరిజినల్ డూప్లికేటు

దిల్‌సుఖ్‌నగర్‌లో పాత టీవీ గేములు అమ్మే ఒకాయన ఉండేవాడు. తెరమీద బొమ్మ ఎగిరితే ఆయన కూడా స్టూలు మీంచి జానెడు లేచేవాడు. యాభై దాటిన మనిషి, పైగా మోకాళ్ల నొప్పులు.

మా ఇంట్లో షోకేసులో ఒక్క గేముకే చోటుంది. ఆయన దగ్గర రెండున్నాయి, తెల్లదీ నల్లదీ. పాత పుస్తకాల్లో మొదటి ముద్రణకే విలువెక్కువని ఎల్బీ నగర్ లైబ్రరీలో చదివినవాణ్ని కదా, రెండింటినీ తిరగేసి అడుగున అక్షరాలు వెతికాను.

"వీటిలో ఒరిజినల్ ఏదండీ?"

"రెండూ డూప్లికేటే సార్. తెల్లది ఒరిజినల్ డూప్లికేటు. నల్లది దాన్ని చూసి చేసిన డూప్లికేటు."

నేను చదివిన పుస్తకాల్లో ఈ అధ్యాయం లేదు.

"మరి తేడా ఎలా తెలుస్తుంది?"

"ఆడితే తెలుస్తది. జర జరుగుండ్రి."

ఒక ఆట క్యాసెట్‌ను ఉఫ్‌మని ఊది నల్లదాంట్లో పెట్టి, రిమోట్ పట్టుకుని ఆడాడు. బొమ్మ గోడలు దూకుతూనే ఉంది, ఆయన మాత్రం కదల్లేదు. అదే క్యాసెట్ తెల్లదాంట్లో పెట్టాడు. మొదటి గోడకే స్టూలు మీంచి లేచాడు.

"తెల్లదే ఇవ్వండి," అన్నాను.

ఆయన రిమోట్ వదల్లేదు. "నల్లది తీస్కపోండ్రి సార్. షోకేసుల పెట్టెటోళ్లకు ఏదైతేంది?"

నల్లదే తెచ్చుకున్నాను. ఆడాలనిపిస్తే మాత్రం మెట్రో ఎక్కి ఆయన దగ్గరికే పోయేవాణ్ని. కొన్నాళ్లకు నాకోసం ఇంకో స్టూలు వేశాడు.

"జర మెల్లగ దుంకుండ్రి సార్," అన్నాడు. "దానికి ఒక కాలు డూప్లికేటు."