ఫోర్‌మన్ లోపాల జాబితా

ఆ రోజుల్లో నాకు జాబితా లేకుండా కూరగాయలు కొనడం కూడా చేతనయ్యేది కాదు. ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చి పద్నాలుగు నెలలు, దోహాలో ఉద్యోగంలో చేరి ఏడు నెలలు. లోకంలోని ప్రతి ఆందోళనకూ ఒక నంబరు వేసి, పక్కన ఒక గడి గీసి, ఆ గడిలో టిక్కు పెడితే అది పోతుందని గట్టిగా నమ్మేవాణ్ణి. (పోయేది కాదు. టిక్కు పెట్టిన ఆందోళనగా మిగిలేది.) అందుకే ఆ శుక్రవారం ఉదయం ఆరున్నరకు, మదీనత్ ఖలీఫాలో మా మామయ్య అద్దెకున్న విల్లా ముందు ఏమేం ఉన్నాయో ఇప్పటికీ వరుసగా చెప్పగలను. మనుషులు నలుగురు: మామయ్య, అత్తయ్య, యల్లా అన్న, నేను. కుక్క ఒకటి, పేరు ఫోర్‌మన్, వయసు తొమ్మిదేళ్ళు, బరువు ముప్పై ఒక్క కిలోలు. ఎనిమిది సిలిండర్ల పెద్ద బండి ఒకటి, దాని వెనక తగిలించిన ట్రైలర్ ఇల్లు ఒకటి. ఆ ఇంట్లో మంచాలు రెండు, గ్యాసు పొయ్యి ఒకటి, ఇరవై కిలోల బియ్యం బస్తా, ఇరవై లీటర్ల నీళ్ళ డబ్బాలు నాలుగు, పిండి రుబ్బే గ్రైండరు, పచ్చడి జాడీలు ఐదు. నా చంకలో ఫైలు ఒకటి. వెళ్ళేది మూడు రోజులకు.

ఖతార్ దేశాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటడానికి రెండు గంటలు చాలు. మేం దాటాల్సింది అందులో సగం కూడా కాదు. అల్ ఖోర్ దాటాక సముద్రపు ఒడ్డున వేసిన చలికాలపు క్యాంపు దాకా. అక్కడ మామయ్య కూతురు, అంటే మా వదిన, ఆమె భర్త, ఇద్దరు పిల్లలు గుడారంలో ఉన్నారు. మోకాళ్ళ నొప్పులతో అత్తయ్య ఇసుకలో పడుకోలేదు కాబట్టి ట్రైలరు. ఆ ట్రైలరూ దాన్ని లాగే బండీ పక్క విల్లా ఖతారీ పెద్దాయనవి. ఒకప్పుడు ఆయన మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే గదిలో, కాలిపోయిన వైరింగు మామయ్య బాగుచేసిచ్చాడు. అందుకని, కుటుంబంతో వేరే దేశం వెళ్తూ, వాడుకోమని చెప్పి డ్రైవర్నీ ఇచ్చి వెళ్ళాడు. ఆ డ్రైవరే కడప జిల్లా నుంచి వచ్చిన యల్లా అన్న. బయల్దేరాలన్నా, ఆగాలన్నా, అన్నం వడ్డించమనాలన్నా ఆయనకు ఒకటే మాట, 'యల్లా' (అరబ్బీలో 'పదండి' అని). అందుకే ఆ పేరు.

అసలు సంగతి ఫోర్‌మన్‌ది. మామయ్యకు అరవై నిండాయి, ఉద్యోగం ముగుస్తోంది, ఐదు వారాల్లో దంపతులిద్దరూ కాకినాడ వెళ్ళిపోతున్నారు. ఫోర్‌మన్ గుండె బలహీనంగా ఉందని, విమానం ఎక్కిస్తే ప్రాణాలతో దిగుతాడని నమ్మకం లేదని పశువుల డాక్టరు చెప్పాడు. మిగిలిన దారి అల్ ఖోర్‌లో కూతురిల్లు. కానీ అల్లుడుగారిని చిన్నప్పుడు కుక్క కరిచింది. వద్దని ముఖం మీద చెప్పలేక, "మూడు దినాలు క్యాంపుకు తీస్కరాండ్రి, చూస్త. కుదరకపోతే మాత్రం ఏమనుకోవద్దు మామయ్యా" అన్నాడు. కుదరకపోతే ఊరి బయట కుక్కల షెల్టరు. తొమ్మిదేళ్ళ కుక్క కోసం అక్కడికి ఎవరూ రారని మామయ్యకు తెలుసు. అందుకే ఆ వారమంతా ఆయన ఫోర్‌మన్‌తోనే తప్ప మాతో మాట్లాడటం మానేశాడు.

ట్రైలరు బరువు బాధ్యత నాది. సామాను ముందువైపు ఎక్కువ, వెనకవైపు తక్కువ ఉండాలి. తారుమారైతే రోడ్డు మీద ట్రైలరు తోకలా ఊగుతుంది. నేను రెండు రోజులు లెక్కకట్టి, అత్తయ్య బరువు చూసుకునే మిషన్ను ట్రైలరు ముక్కు కింద పెట్టి కొలిచి (మిషన్ ఆ తర్వాత ఎవరు ఎక్కినా నూట పన్నెండు చూపించేది), ప్రతి వస్తువు మీదా నంబరు అంటించి, దాని చోట దాన్ని పెట్టాను. ఆపైన టైర్ల గాలి చూడటానికి పావుగంట బయట ఉన్నాను.

ఊరు దాటి ఉత్తరం రోడ్డెక్కి, వేగం ఎనభై దాటేసరికి యల్లా అన్న అద్దంలోకి ఒకసారి చూశాడు. మళ్ళీ చూశాడు. మూడోసారి కూడా చూశాడు.

"ఇంజనీరు సామీ, మన ఇల్లు ఏందో నాట్యం చేస్తాంది."

వెనక్కి తిరిగాను. ట్రైలరు కుడికి వెళ్ళి, ఎడమకు వచ్చి, మళ్ళీ కుడికి ఇంకాస్త ఎక్కువ వెళ్ళింది. బండి కూడా దానితో కలిసి కదలడం మొదలుపెట్టింది. పక్క లైన్లో పోతున్న లారీ హారన్ మోగుతూనే ఉంది. "బ్రేకు కొట్టండి!" అని అరిచాను. "బ్రేకు కొడితే పల్టీ కొడతాది, నోరు మూసుకో సామీ" అని యల్లా అన్న కాలు తీసేసి, స్టీరింగు బిగపట్టి కూర్చున్నాడు. (బ్రేకు కొట్టకూడదని నా జాబితాలో పద్నాలుగో అంశంగా రాసుకున్నది నేనే.) అత్తయ్య కళ్ళు మూసుకుని వెంకటేశ్వరస్వామికి ఏదో మొక్కుకుంది. మామయ్య రెండు చేతులతో ఫోర్‌మన్‌ను పొదివి పట్టుకున్నాడు. ఫోర్‌మన్ ఒక్కడే కిటికీలోంచి సముద్రం వైపు పరిశీలనగా చూస్తున్నాడు. చివరికి బండి నెమ్మదించి రోడ్డు అంచున ఆగింది.

దిగి తలుపు తీశాను. నా ఏర్పాటు ఒక్కటీ లేదు. బియ్యం బస్తా, రెండు నీళ్ళ డబ్బాలు, గ్రైండరు, జాడీలన్నీ వెనక ఎడమ మూలన గుట్టగా ఉన్నాయి.

"అత్తయ్యా, ఇవి ఇక్కడికెలా వచ్చాయి?"

"నేనే ఒక్కొక్కటీ జరిపి మార్చాను నాయనా. ఎంత చదువుకున్నా నీకు ఆ మాత్రం తెలీదాయె. బరువంతా ఈశాన్యంలో పెట్టావు. బరువు ఎప్పుడైనా నైరుతిలో ఉండాలి. ఇల్లన్నాక వాస్తు ఉండొద్దూ?"

"అత్తయ్యా, ఇది చక్రాల మీద పోయే ఇల్లు. రోడ్డు మలుపు తిరిగితే నైరుతి ఎటు పోతుంది?"

"పోయేటప్పుడు సంగతి నాకు తెలీదు. కదలకుండా ఉన్నప్పుడే చూసుకుని పెట్టాను."

మామయ్య ముందుకొచ్చాడు. "ఒసేయ్, అల్లుడి దగ్గరికి చేరకముందే ఫోర్‌మన్‌గాణ్ణి చంపేసేదానివి" అన్నాడు. (మిగతా ముగ్గురం ఆయన లెక్కలో లేము.) అత్తయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అల్లుడు మన ఫోర్‌మన్‌ని వద్దంటాడేమోనని, ఏ దోషమూ ఉండకూడదనే కదండీ..." అంది. యల్లా అన్నే తీర్పు చెప్పాడు. "అమ్మా, ఇప్పుడు బరువు ముందరేసుకుని పోదాం. ఆడికి పోయినాక ట్రైలరు మూతి నైరుతి దిక్కుకు తిప్పి నిలబెడతా. వాస్తు వాస్తే, లెక్క లెక్కే. యల్లా."

సామాను మోస్తున్నప్పుడు నా ఫైలు జారి కింద పడింది. మామయ్య తీసి, పైనున్న కాగితం చదివాడు. ఇక్కడ నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. మా కంపెనీలో ఏ పని పూర్తయినా, అప్పగించే ముందు అందులో మిగిలిన లోపాలన్నీ నంబర్లు వేసి రాసిస్తాం. పుచ్చుకునేవాడు ఒక్కొక్కటీ చూసి సంతకం పెడతాడు. పంచ్ లిస్టు అంటాం. కుక్కనూ అప్పగిస్తున్నాం కదా అని, ఫోర్‌మన్‌కు కూడా ఒకటి తయారుచేశాను.

మామయ్య పైకి చదివాడు. "ఒకటి, గురక. నాలుగు, సాక్సులు ఎత్తుకెళ్ళి దాస్తుంది, తినదు. ఆరు, నిచ్చెన పట్టుకున్న మనిషంటే పడదు. నిచ్చెన లేని అదే మనిషితో ఇబ్బంది లేదు. తొమ్మిది, పెరుగన్నం కలిపే చప్పుడు మూడు గదుల అవతల నుంచి వింటుంది. పదకొండు, పెద్ద చప్పుడైతే దగ్గరున్న మనిషి కాళ్ళ మధ్య దూరి పాదం మీద కూర్చుంటుంది, సుమారు నాలుగు నిమిషాలు, కరవదు..." పంతొమ్మిది దాకా చదివి తలెత్తాడు. "ఏరా, తొమ్మిదేళ్ళలో వాడు చేసిన మంచిపని ఒక్కటీ లేదా ఇందులో?"

"పంచ్ లిస్టులో మంచివి రాయరు మామయ్యా."

"సరే, చింపి పారెయ్. అల్లుడి కంట పడితే ఇక్కణ్ణుంచే వెనక్కి తిరగాలి."

"మొన్న సాయంత్రమే ఆయనకు మెయిల్ చేశాను."

యల్లా అన్న మోస్తున్న నీళ్ళ డబ్బా కింద పెట్టేశాడు. "అబ్బ! పెండ్లి సంబంధానికి పోతా పిల్ల రోగాలన్నీ ముందే రాసి పంపినావా సామీ?" అన్నాడు. మామయ్య కాగితం నా చేతిలో పెట్టేశాడు. వెళ్ళి ఫోర్‌మన్ పక్కన కూర్చుని తలుపు వేసుకున్నాడు. తిట్టినా బాగుండేది. అక్కణ్ణుంచి క్యాంపు దాకా ట్రైలరు గీత గీసినట్టు వచ్చింది. నేను మాత్రం కూర్చున్నచోటే ఊగుతూ వచ్చాను.

క్యాంపులో పిల్లలు పరుగెత్తుకొచ్చి ఫోర్‌మన్ మెడ పట్టుకున్నారు. మనవరాలికి ఏడేళ్ళు, మనవడికి నాలుగు. అల్లుడుగారు పది అడుగుల దూరంలో నిలబడి "బాగున్నరా మామయ్యా" అన్నాడు. ఆయన చేతిలో నా జాబితా ఉంది. ఆఫీసులో ప్రింటు తీయించాడు, క్లిప్‌బోర్డుకు తగిలించాడు, జేబులో పెన్ను. గ్యాసు ప్లాంటులో పదేళ్ళ ఉద్యోగం. ఆ క్లిప్‌బోర్డు చూడగానే నేను యల్లా అన్న వెనక్కి జరిగాను.

రెండు రోజులు ఆయనకు అదే పని. దూరం నుంచి కుక్కను చూడటం, కాగితం చూడటం, ఏదో రాయడం. ఫోర్‌మన్ సాక్సులు దాచాడు, ఈయన రాశాడు. అత్తయ్య పెరుగన్నం కలుపుతుంటే సముద్రంలోంచి పరుగెత్తుకొచ్చాడు, రాశాడు. "కుక్క కంటే ఆ పెన్నే నాకు భయంగా ఉందిరా" అని వదిన నా చెవిలో అంది. మామయ్య భోజనం దగ్గర కూర్చుని లేచేవాడు, అంతే.

ఆదివారం పొద్దున, మేం తిరిగి బయల్దేరాల్సిన రోజు, అల్లుడుగారు మడత కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. పక్క గుడారం వాళ్ళు ఇసుకలో నడిపే బైకు స్టార్టు చేశారు. పొగగొట్టం తుపాకీలా పేలింది. ఫోర్‌మన్ గాలిలోకి ఎగిరి, దగ్గరున్న మనిషి కాళ్ళ మధ్య దూరి, ఆయన కుడి పాదం మీద కూర్చున్నాడు. ఆ మనిషి అల్లుడుగారు.

మామయ్య సగం లేచి ఆగిపోయాడు. అల్లుడుగారి ముఖం తెల్లబడింది. ఆయన కదల్లేదు. కాసేపటికి మెల్లగా చేయి తిప్పి గడియారం చూసుకున్నాడు.

"నాలుగు నిమిషాలు అని రాసినవ్ గదా?"

"సుమారుగా, అన్నయ్యా" అన్నాను.

అందరం నిలబడి ఆయన గడియారం వైపు చూస్తున్నాం. మనవడు గట్టిగా అంకెలు లెక్కపెట్టి, ఇరవై తర్వాత మళ్ళీ పదకొండుకు వచ్చాడు. కొంతసేపటికి ఫోర్‌మన్ లేచి, ఒళ్ళు విదిల్చుకుని, ఏమీ జరగనట్టు వెళ్ళిపోయాడు.

"మూడున్నరే" అని అల్లుడుగారు క్లిప్‌బోర్డు అందుకుని నా అంకెను దిద్దాడు. తర్వాత మామయ్య వైపు తిరిగాడు. "మామయ్యా, కుక్క ఉన్న ప్రతొక్కరు నాతోని 'ఏం జెయ్యదు' అంటరు. నన్ను కరిచిన కుక్కను గూడ ఏం జెయ్యదనే అన్నరు. గీ పిలగాడు ఒక్కడే ఏమేం జేస్తదో రాసిచ్చిండు. ఎరుకైనంక భయమెందుకు? మీరు పోయినంక మా ఇంట్ల ఉండనీయుండ్రి." పంతొమ్మిది గడుల్లోనూ పొడి సంతకాలు పెట్టి, అడుగున పూర్తి సంతకం చేశాడు. అత్తయ్య ట్రైలరు మూతి వైపు, అంటే నైరుతి వైపు, ఒకసారి చూసి, నన్ను చూసి, తల పంకించింది.

నేను గెలిచానని ఛాతీ విరుచుకున్నది ఎంతసేపో కాదు. మనవరాలు కాగితం తీసుకుని, వేలు పెట్టి చివరిదాకా చదివి, "తాతయ్యా, నువ్వు వెళ్ళిపోతే ఏం చేస్తాడో ఇందులో లేదే?" అంది.

మామయ్య ఆ కాగితం పిల్ల చేతిలోంచి తీసుకున్నాడు. తర్వాత అల్లుడి పెన్ను తీసుకుని, నా పంతొమ్మిది అంశాల కింద తన చేత్తో ఇరవయ్యోది రాశాడు: సాయంత్రం ఆరింటికి, నేను డ్యూటీ నుంచి వచ్చే వేళకు, గేటు దగ్గర కూర్చుంటాడు. కొన్నాళ్ళు.

నేను వెంటనే, "కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళు మామయ్యా? అలా రాస్తే చెల్లదు, అంకె ఉండాలి" అన్నాను. ఆయన పెన్ను మూత పెట్టి, నా భుజం తట్టి, బండి దగ్గరికి నడిచాడు. యల్లా అన్న ఆ ఒక్కసారి మాత్రం 'యల్లా' అనకుండానే బండి స్టార్టు చేశాడు.

ఇప్పుడు నాకు ఇరవై తొమ్మిది. ఇంకా జాబితాలు రాస్తూనే ఉన్నాను, కానీ అప్పుడప్పుడు 'కొన్నాళ్ళు' అని రాసి వదిలేయడం నేర్చుకున్నాను. చంకలో ఫైలు పెట్టుకుని అంత గట్టిగా అంకె అడిగిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే, తిట్టబుద్ధీ అవుతుంది, నవ్వూ వస్తుంది. అయితే ఆ అంకె నాకు దొరికింది. మామయ్య కాకినాడ వెళ్ళాక, ఫోర్‌మన్ అల్ ఖోర్ ఇంటి గేటు దగ్గర కూర్చున్న ప్రతి సాయంత్రం మనవరాలు గోడమీది క్యాలెండరులో ఒక టిక్కు పెట్టింది.

నలభై ఒక్క రోజులు.