తెల్లగౌనుకి నానో పౌడరు

నా కుట్టుమిషను మా అత్తది. కాలితో తొక్కే మిషను. నర్సీపట్నంలో మా ఈదోళ్లకి ఆ సప్పుడు బట్టే నేను ఇంట్లో ఉన్నానో నేదో తెలుస్తాది. దానికి రెండే రోగాలు. ఆయిలు ఏస్తే సూది ఎంటబడి సుక్కసుక్కా కారుతాది. ఏకపోతే కీసుమని అరిసి బిగుసుకుపోతాది. రంగు జాకెట్లకైతే పరవానేదు. పాత గుడ్డ మీద కాసేపు కుట్టి, కారేదంతా కార్చీసి, అప్పుడు జాకెట్టు పెడతాను. తెల్లబట్ట వచ్చిందంటే మాత్రం నాకు అన్నం సయించదు.

అలాంటిది, ఎదురింటి ఆంటీ తెల్ల శాటిన్ గుడ్డ అట్టుకొచ్చింది. ఆవిడ కూతురి పెళ్లిగౌనుకి. ఆళ్లు చర్చికెళ్లేవోళ్లు, పెళ్లికూతురు తెల్లగౌనుతోటే నడవాలి. గుడ్డ పంపేది మగపెళ్లివారు. కోటవురట్ల నుంచి అది వచ్చేసరికి పెళ్లి ఎల్లుండికి వచ్చీసింది.

"విశాపట్నం టైలరుకి ఇచ్చీ అని మా ఆడపడుచు ఒకటే పోరు. నేనే నీకిద్దామన్నాను," అన్నాది ఆంటీ. "పిల్ల అత్తగారు కొలిసి మరీ పంపింది గుడ్డ. మిగులు నేదు. ఒక్క ఆయిలు సుక్క పడిందా, చర్చిలో ఆవిడ ఆ సుక్కనే సూస్తాది, నా కూతుర్ని సూడదు."

"పడదు ఆంటీ," అనీసేను. నా నోరు ఎప్పుడూ నాకంటే ముందు నడుస్తాది.

సాయంత్రం గుడ్డ కత్తిరించి, బావకి సెప్పేను. బావంటే మా ఆయనే, మేనత్త కొడుకు. లేత్ షాపులో పని.

"ఆయిలు మానీ," అన్నాడు. "పొడి ఏద్దాం. మా షాపుకి శాంపిలు వచ్చింది. నానో పౌడరు."

"నానో అంటే ఏటి?"

"సిన్నది."

"ఎంత సిన్నది?"

"కంటికి కనపడనంత."

మర్నాడు పొద్దున్నే తెచ్చీసేడు. తెల్లగా, మెత్తగా, బాగానే కనపడతంది.

"కనపడతంది కదా బావా."

"అది గుంపు. ఒక్కోటీ ఇడిగా ఉంటే కనపడదు."

"మరి ఈ గుంపులో నానో ఏది?"

"అన్నీ నానోలే. నువ్వు మాటాడకుండా సూడు."

ఆ శాంపిలు ఇచ్చినోడు బావకి సెప్పిందేటంటే, ఇనుమూ ఇనుమూ రాసుకునే సోటకి ఈ రజను దూరిపోయి పొరలుపొరలుగా పడుకుంటాదంట. పేకల కట్ట మీద సెయ్యేసి తోస్తే ముక్కలు ఒకదాని మీదనుంచి ఒకటి జారిపోతాయి సూడండి, అలాగ. ఇనుము అరగదు, అరవదు. తడి ఉండదు కాబట్టి మచ్చ పడదు. నేను పది తప్పేను గానీ, పేకముక్కల సంగతి నాకు బాగా తెలుసు. బేగి అర్థమయిపోయింది.

ఇద్దరం కూకుని మిషను ఇప్పీసేం. పాత ఆయిలంతా కిరసనాయిలుతో కడిగి, ఎండలో పెట్టి, ఆరిన తర్వాత తిరిగే సోటల్లా ఆ రజను రాసి బిగించేం. తొక్కేను. నా కాళ్లు ఆడతన్నాయి, సూది దిగి లేస్తంది, సప్పుడు మాత్రం నేదు. పాత తెల్లగుడ్డ ముక్క మీద ఆ సివర నుంచి ఈ సివరకి కుట్టేను. ఒక్క సుక్క నేదు. పక్కింటావిడ గుమ్మంలోంచి తల పెట్టి, "ఉన్నావేటే, ఊరెల్లేవనుకున్నాను," అన్నాది.

బావ పనికెళ్లిపోయేడు. నేను తలంటుకోడానికి ఎళ్లేను. అదే నేను సేసిన తప్పు.

మా అత్తకి ఒక పద్ధతి ఉంది. పెళ్లిబట్ట ఎవరిదైనా సరే, మిషనుకి బొట్టు పెట్టందే సూది దింపనివ్వదు. పసుపూ కుంకుమా పెట్టి, దణ్ణం పెట్టాలి. ఆ రోజు మాత్రం భరిణి సేత్తో అట్టుకుని నిలబడి ఆలోసించిందంట. పసుపు తెల్లగుడ్డకి అంటితే పోదు. పైగా చర్చి పెళ్లి, కుంకుమ పెడితే ఆళ్ల మనసుకి ఎలాగ ఉంటాదో. పెట్టకపోతే మిషను మనసుకి ఎలాగ ఉంటాదో. ఇద్దర్నీ నొప్పించకుండా తెల్లబొట్లు పెడదామని ముఖం పౌడరు తీసింది. ముఖం పౌడరంటే డబ్బా వరకే. మా ఇంట్లో ఖాళీ డబ్బా ఏదీ పారెయ్యం, బావ ఆ నానోని తెచ్చింది అందులోనే.

మా అత్త సెయ్యి ఎప్పుడూ దొడ్డది. పై సెక్రానికి మూడు బొట్లు. కింద సెక్రానికి మూడు. తోలు బెల్టుకి పొడుగూతా. గుడ్డని ముందుకి తోసే పళ్లుంటాయి కదా, ఆటి మీద ఒక గుప్పెడు. మిగిలింది మొకానికి.

నేను తల తుడుసుకుంటూ వచ్చి, గౌను ముక్కలు పెట్టి తొక్కేను. కింద సెక్రం గిర్రున తిరుగుతంది. బెల్టు దాని మీద జారిపోతంది. పై సెక్రం మాత్రం ఎవరో సెప్పే కబుర్లు ఇంటన్నట్టు కదలకుండా కూకుంది. సేత్తో తిప్పితే సెయ్యి జారిపోయింది. పైట సెంగుతో అట్టుకుని తిప్పేను. సూది దిగింది, లేసింది, మళ్లీ అదే సిల్లులో దిగింది. గుడ్డ ఎల్లదు.

"అత్తా, మిషనుకి ఏటి సేసేవు?"

"నేనేటి సేస్తానే. బొట్టెట్టేను."

అంటుంటేనే ఆవిడ కళ్లజోడు ముక్కు మీదనుంచి పెదాల మీదకి దిగింది. పైకి తోసింది. మళ్లీ దిగింది. స్టిక్కరు బొట్టు అప్పటికే సెంప మీదుంది.

"ఈ పౌడరు ఏ కొట్లోదే? మొకం పట్టుగుడ్డలా ఉంది," అన్నాది.

బావకి ఫోన్ సేసేను. ఒచ్చి, బెల్టు మీద ఏలు పెట్టి సూసి, మొకం ఇంత సేసుకున్నాడు. "సూసేవా, ఎంత బాగా పన్జేస్తందో."

"పన్జెయ్యటం నేదు బావా, అదే కదా నా ఏడుపు."

"అదే పన్జెయ్యడం. జారడమే దాని పని."

"ఎక్కడ జారాలో, ఎక్కడ అట్టుకోవాలో తెలవొద్దా దానికి?"

"దానికేటి తెలుస్తాది. అది నానో."

తుడిసేం. తుడిసిన గుడ్డ జారుడయిపోయింది. ఆ గుడ్డ అట్టుకున్న సెయ్యి జారుడు. ఆ సెయ్యి పెట్టిన గడియ ఏసినా నిలబడదు, దానంతటదే కిందకి దిగిపోతంది. కత్తెర నా సేతిలోంచి సేపలా జారి మంచం కిందకి పోయింది. బావ దానికోసం వంగి, కాలు జారి, గచ్చు మీద కూకునే గోడ దాకా ఎళ్లిపోయేడు.

"బెల్లం పాకం పూయండిరా బెల్టుకి," అన్నాది అత్త. రోలుగుంట దగ్గర సెరుకు రైతుల ఆడపిల్ల ఆవిడ, దేనికైనా బెల్లమే సెప్తాది. మేం వద్దంటుంటేనే పూసీసింది. నిజం సెప్పాలంటే కాసేపు అట్టుకుంది. అంతలో సీమలొచ్చీసేయి. బెల్టు మీద వరస కట్టి, తొక్కితే తిరుగుతూ, ఆపితే దిగుతూ.

సరిగ్గా అప్పుడే ఆంటీ కూతుర్ని ఎంటబెట్టుకుని కొలత సూసుకోడానికి వచ్చింది.

"గౌను ఏది?"

"ముక్కలుగా ఉంది ఆంటీ."

ఆవిడ సీమల్ని సూసింది, అత్త సెంప మీద బొట్టు సూసింది, గోడ దగ్గర బావని సూసింది. తిట్టనేదు. స్టూలు మీద కూకుని నెమ్మదిగా అన్నాది, "మా ఆడపడుచు నేను సచ్చీదాకా అంటాది విశాపట్నం మాట."

నాకు అప్పుడొచ్చింది ఏడుపు. పెళ్లికూతురు మాత్రం మిషను సుట్టూ తిరిగి సూస్తంది. "ఆయిలు కారటం నేదు కదక్కా?" అన్నాది.

"అదొక్కటే కారటం నేదు."

"మరింకేటి. బెల్టు మార్చీండి. గుడ్డ ఎల్లకపోతే మనమే లాగుదాం."

పెళ్లికూతురు సెప్తే కాదంటామేటి. బావ సీమల బెల్టు పీకీసి, సెక్రాలు గరుకు కాయితంతో గీకి, పాత సైకిలు ట్యూబు కోసి బెల్టులా కట్టేడు. రబ్బరు కదా, అట్టుకుంది. లోపల రజను దాని పని అది సేస్తానే ఉంది, అరుపు నేదు, ఆయిలు నేదు. పళ్లు మాత్రం ఎంత తుడిసినా గుడ్డని తొయ్యనన్నాయి. మేం సేతులు బూడిదతో తోముకున్నాం. ఆంటీ మిషను ఎనక సేరింది.

"నువ్వు తొక్కు. నేను లాగుతాను."

సూది లేసినప్పుడల్లా ఆవిడ లాగాలి. ఒక్కోసారి ఎక్కువ లాగీది, కుట్టు బారెడయిపోయీది. ఒక్కోసారి మర్చిపోయీది, కుట్లన్నీ ఒకేసోట కుప్ప. "లాగండాంటీ." "లాగేనే." "అంత కాదాంటీ." "మరెంతే." పెళ్లికూతురు మంచం మీద కూకుని ముత్యాలు కుట్టుకుంటూ మమ్మల్ని సూసి ఒకటే నవ్వు. మా అత్తకి ఏ పనీ ఇవ్వనేదు, కళ్లజోడు పైకి తోసుకోడమే ఆవిడ పని. దీపాలేళకి గౌను అయిపోయింది. ఆంటీ దాన్ని గుమ్మంలోకి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పి ఎతికింది. మచ్చ నేదు.

చర్చిలో పెళ్లికొడుకు తల్లి కూడా ఎతికింది. సరిసేస్తన్నట్టు కుచ్చిళ్లు ఎత్తి, కిటికీ ఎలుగులో తిప్పి మరీ సూసింది.

"కుట్లు ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ ఉన్నాయేటండీ?"

"ఇప్పుడదే ఫేషనండి," అన్నాది ఆంటీ, కళ్లు ఆర్పకుండా.

ప్రార్థనప్పుడు పిల్ల దిండు మీద మోకరించింది. ఆ గౌనుకి ఎంత రజను అంటిందో మరి, మెల్లగా ముందుకి జారింది. పాస్టరుగారు ప్రార్థన ఆపకుండానే ఒక అడుగు ఎనక్కేసేరు. పిల్ల అత్తగారు కళ్లు గౌను మీదనుంచి తియ్యనేదు. నేను ఆవిడ మీదనుంచి తియ్యనేదు.

భోజనాలప్పుడు ఆవిడకి ముద్దొచ్చి, కొత్త కోడలికి తనే తినిపిస్తానన్నాది. బిరియానీ ముద్దలో మటన్ ముక్క పెట్టి పిల్ల నోటి దాకా తీసుకెళ్లింది. ముక్క లోపలికెళ్లింది. నూనె మాత్రం ఎర్రగా, గుండె మీద, రూపాయి బిళ్లంత పడింది.

ఆంటీ నన్ను సూసింది. నేను ఆంటీని సూసేను. ఇద్దరం ఆవిడ్ని సూసేం.

ఆవిడ రుమాలు తీసి, అద్దింది, ఇంకా పెద్దదయింది. "నూనెసుక్కే కదా," అన్నాది. "ఉతికితే పోతాదిలే."

"పోతాదండి," అని, ఆంటీ ఆవిడ ఆకులో ఇంకో రెండు ముక్కలు ఏసింది.